మగ్గాలు ఆగిన నిమిషం

మా వీధిలో ఎవరూ గుసగుసలాడరు. ఆడినా వినబడదు. నగరిలో మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇంటింటికీ మరమగ్గాలే. పొద్దున ఆరింటికి మొదలైతే టకటకమంటూనే ఉంటాయి. పక్కింట్లో ఉప్పు అడగాలన్నా, ఎదురింటి మీద చాడీ చెప్పాలన్నా గొంతు చించుకోవాల్సిందే. నేను పలమనేరు పిల్లను. మావాళ్లు తాత కాలంలోనే మగ్గం వదిలేసి ఆవుల్ని పట్టుకున్నారు. మా ఇంట్లో గట్టిగా అరిచేది గౌరి అనే జెర్సీ ఆవు ఒక్కటే, అదీ దాణా ఆలస్యమైతే. పెళ్లై ఇక్కడికి వచ్చిన మొదటి వారం మా అత్త చంద్రకాంతమ్మ నన్ను తిడుతోందనుకుని రెండుసార్లు ఏడ్చాను. తర్వాత తెలిసింది, ఆమె నన్ను కాఫీ తాగమంటోందని.

ఈ వీధివాళ్లకు ఒక జాగ్రత్త ఉంది. కరెంటు పోతే మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఆ క్షణంలో ఎవరి నోట్లో ఏ మాట ఉంటే అది వీధంతా వింటుంది. అందుకని ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు బల్బు మిణుకుమంటే చాలు, టక్కున నోరు మూస్తారు. మాట సగంలో ఉన్నా సరే. కరెంటు వచ్చాక మిగతా సగం చెప్పుకుంటారు. నాలుగేళ్లైనా నాకు ఆ విద్య పట్టుబడలేదు. జరిగిందంతా దానివల్లే జరిగింది.

నాకు మూడుసార్లు కడుపు పోయింది. మూడూ మూడో నెల నిండే లోపలే. ఇంత సూటిగా ఈ మాట చెప్పడం నాకు ఈమధ్యే వచ్చింది, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు. "ఒంట్లో బాగలేదు" అనేవాళ్లు. మొదటిసారి ఒంట్లో బాగలేదు, రెండోసారి ఒంట్లో బాగలేదు. మూడోసారికి వీధిలోవాళ్లు నాకేదో గ్యాస్ జబ్బు ఉందని తేల్చేసి జీలకర్ర నీళ్లు తాగమన్నారు.

మూడో నెల నిండేదాకా బయట చెప్పకూడదని మా అత్త నియమం. చెప్పకముందే పోయినదాని కోసం ఎట్లా ఏడవాలో మాత్రం ఆ నియమంలో లేదు. ఇంకొకటి, ఒక ఆసుపత్రిలో పోయిందంటే ఆ చోటు కలిసిరాలేదని అర్థం. మళ్లీ ఆ గడప తొక్కకూడదు. మొదటిది పుత్తూరులో పోయింది. పుత్తూరంటే విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరు. నాది ఎముకైనా బాగుండేది. రెండోది చిత్తూరులో, మూడోది సరిహద్దు దాటి తిరుత్తణిలో. కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా డాక్టరు "ఎన్నోది?" అని అడగడమే ఆలస్యం, నేను నోరు తెరిచేలోపల మా అత్త, "మొదటిదే" అనేది. పాతది నోటితో పలికితే ఆ పీడ కొత్త చోటికి కూడా వస్తుందట. అట్లా నేను మూడుసార్లూ మొదటిసారి గర్భవతినే అయ్యాను.

పోయిన ఆసుపత్రి ఫైలు కూడా ఇంట్లో ఉండకూడదు. మూడుసార్లూ నేను ఇంటికొచ్చి పడుకున్న వారం పదిరోజుల్లోపే ఆమె ఆ ఫైలు చంకలో పెట్టుకుని బయల్దేరి, ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. "ఏట్లో కలిపేసినా మే. ఇంక మర్సిపో" అంది. మా కుశస్థలి ఏట్లో ఏడాదికి రెండు నెలలు నీళ్లుంటే గొప్ప. మిగతా పది నెలలూ అందులో ఇసుకే. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

మా నాయన దగ్గర గౌరికి ఒక కార్డు ఉంది. ఎప్పుడు సూది వేయించారో, ఎప్పుడు ఈనిందో, ఏ ఏడు దూడ నిలవక ఈసుకుపోయిందో అన్నీ అందులో ఉంటాయి. పశువుల డాక్టరు వచ్చీ రాగానే కార్డు అడుగుతాడు. అది చూడకుండా ఆవు మీద చెయ్యి కూడా వెయ్యడు. మా ఆవుకున్న కార్డు నాకు లేదు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

కోపం ఒక్కటే అయితే బతికిపోయేదాన్ని. మొదటిసారి పోయినప్పుడు, ఒక పెళ్లి భోజనంలో తిన్న రెండు ముక్కల బొప్పాయి వల్లే అనుకున్నాను. రెండోసారి చిత్తూరు రోడ్డు గుంతల్ని అనుమానించాను. మూడోసారి గుంతలూ లేవు, బొప్పాయీ లేదు, మంచం దిగకుండా పడుకున్నాను, అయినా పోయింది. ఇక మిగిలింది నేనే. నా ఒళ్లే బిడ్డకు పనికిరాదని నమ్మేశాను. వంటింట్లో కొళాయి తిప్పిపెట్టి, ఆ చప్పుడు చాటున ఏడ్చేదాన్ని. నీళ్లు దండగ. ఆ మగ్గాల మోతలో నేను వీధి నడుమ నిలబడి ఏడ్చినా ఎవరికీ వినబడదు.

మా ఆయన మురుగేష్ రేణిగుంటలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. పొద్దున రైలుకు పోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. మంచివాడే. ఒక్కో నష్టానికీ నాతో కలిసి ఏడ్చాడు కూడా. కానీ వాళ్లమ్మ ముందు మాత్రం కరెంటు పోయిన మగ్గమే. మామ మునస్వామి సంగతి చెప్పక్కరలేదు. నలభై ఏళ్లు మగ్గాల నడుమ బతికి చెవులు సగం పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఏం జరిగినా చిరునవ్వు నవ్వి మగ్గానికి నూనె వేస్తాడు.

నాలుగోసారి నేను నీళ్లు పోసుకున్నానని తెలియగానే మా అత్త ఊళ్ల లెక్క చూసుకుంది. చుట్టుపక్కలవన్నీ అయిపోయాయి, మిగిలింది తిరుపతి.

"సామి ఉండే ఊరు. ఆడ పోదు సూడు" అంది బస్సులో.

డాక్టరు పేరు రేవతి. నాకంటే పదేళ్లు పెద్దదేమో. ముక్కు మీద కళ్లజోడు, దాని పైనుంచి అనుమానంగా చూపు. "ఎన్నోది?" అంది.

"మొదటిదే డాక్టరమ్మా!" అంది మా అత్త. అది మగ్గం గొంతు కదా, బయట బెంచీల మీద ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయింది నాకు మొదటిదని.

డాక్టరు నా ముఖం చూసింది. నేను బల్ల మీది పేపర్‌వెయిట్‌ను చూశాను.

"పెద్దమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి. ఈమెను పరీక్ష చేయాలి."

"నేనుంటే ఏమి? నేను సూడని కడుపా?"

"బయట ఫ్యాన్ బాగా తిరుగుతుందమ్మా. కూర్చోండి."

తలుపు మూసుకున్నాక ఆమె పెన్ను పక్కన పెట్టి, "ఇప్పుడు నువ్వు చెప్పు. ఎన్నోది?" అంది.

"నాలుగు" అన్నాను. అని భోరుమన్నాను.

ఆమె కంగారుపడలేదు. టిష్యూ డబ్బా నా వైపు తోసి ఒక్కొక్కటే అడిగింది. ఎన్నో వారంలో పోయింది, గుండె చప్పుడు కనబడిందా, తర్వాత ఏం చేశారు. అన్నీ చెప్పాను. ఒకటి ఎనిమిదో వారం, ఒకటి తొమ్మిది, మళ్లీ ఎనిమిది. అడగకపోయినా బొప్పాయి కూడా చెప్పాను.

"రెండు ముక్కల బొప్పాయి బిడ్డను తీసేయలేదు నందితా. రోడ్డు గుంతలూ తీసేయలేవు. అవే నిజమైతే మన జిల్లా రోడ్లకు ఒక్కరికీ పిల్లలు పుట్టేవాళ్లు కారు. ఒకసారి పోవడం చాలామందికి జరుగుతుంది. వరసగా మూడు పోతే మాత్రం కూర్చుని కారణం వెతకాలి. వెతికినా సగం మందికి దొరకదు. దొరకకపోయినా వాళ్లలో ఎక్కువమందికి తర్వాత బిడ్డ నిలుస్తుంది. నువ్వు చేసిన తప్పేమీ లేదు. ఇది నీకెవరూ చెప్పలేదా?"

"నాకు మూడు పోయినట్లు ఎవరికన్నా తెలిస్తే కదా మేడం, చెప్పేదానికి."

ఆమె తల ఊపింది. అప్పుడు నాకొకటి గుర్తొచ్చింది. చిత్తూరులో పోయినప్పుడు అక్కడి డాక్టరుకు ఏదో అనుమానం వచ్చి, నెత్తురు గడ్డకట్టడం గురించి ఒక పరీక్ష చేయించాడు. ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టింది. మా అత్త ఒక్కతే వెళ్లి తెచ్చింది. అది నేను చూడనే లేదు.

ఆ మాట వినగానే డాక్టరు కుర్చీలో ముందుకు జరిగింది. కొందరి నెత్తురుకు ఊరికే గడ్డకట్టే గుణం ఉంటుందట. బిడ్డకు ఆహారం పోయే సన్నదారులు మూసుకుపోతాయట. దానికి మందు ఉంది. రోజూ ఒక చిన్న మాత్ర, కడుపు మీద ఒక సూది, కాన్పు దగ్గరపడేదాకా.

"కానీ ఒక్క పరీక్షతో అది ఉందని తేల్చకూడదు. మామూలు జ్వరం వచ్చిపోయినా ఒక్కోసారి తప్పుగా చూపిస్తుంది. పన్నెండు వారాల ఎడంతో రెండుసార్లు కనబడాలి. ఈరోజు ఒకటి చేయిస్తాను. ఆ పాత కాగితం ఉంటే రెండూ కలిపి చూసి వెంటనే మొదలుపెడతాను."

"లేకపోతే?"

"పన్నెండు వారాలు ఆగి మళ్లీ చేయాలి. అనుమానం మీద నెలల తరబడి సూదులు వేయడం మంచిది కాదు."

నాకప్పుడు ఆరో వారం. నావి ఎనిమిదో వారంలో పోతాయి. పన్నెండు వారాలు ఆగే ఓపిక నా కడుపులో ఉన్నదానికి ఉంటుందని నాకు నమ్మకం లేదు.

మర్నాడు పొద్దున్నే మా నాయనకు ఫోన్ చేశాను. ఆయన పలమనేరు నుంచి చిత్తూరు బస్సెక్కి వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగి ఫోన్ చేశాడు.

"ఆ ఆసుపత్రి ల్యా పాపా. ఆడ ఇప్పుడు బిర్యానీ అంగడి ఉండాది. డాక్టరు బెంగళూరుకు పూడ్సినాడంట. పాత కాయితాలేమన్నా ఉండాయా అని అడిగితే మెనూ కార్డు చేతిలో పెట్టినారు."

మళ్లీ ఆయనే అందుకున్నాడు.

"కాయితం దాసుకోవాల్సింది గదమ్మా. మన గౌరికి సూడు..."

"గౌరి పేరెత్తద్దు నాయనా" అని ఫోన్ పెట్టేశాను.

మూడో రోజు తిరుపతి నుంచి ఫోన్ వచ్చింది. పరీక్షలో ఆ గుణం కనబడింది. పాతది దొరికిందా అని డాక్టరు అడుగుతున్నారని నర్సు చెప్పింది. చూస్తున్నామన్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని నేరుగా మగ్గాల షెడ్డులోకి వెళ్లాను.

మా అత్త తెగిన పోగులు అతుకుతోంది. మామ అవతల మగ్గం కింద దూరి నూనె వేస్తున్నాడు. నాలుగు మగ్గాలూ పూర్తి జోరులో ఉన్నాయి. ఆ మోతలో మేమిద్దరం ఎదురెదురుగా నిలబడి అరుచుకున్నాం.

"అత్తా, చిత్తూరు ఫైలు యాడ పెట్టినావు?"

"ఏట్లో కలిపేసినా అని అప్పుడే చెప్పినా గదా!"

"అది నా నెత్తురు రిపోర్టు! దాన్ని ఎట్ల కలిపేస్తావు?"

"పీడ కాయితాలు ఇంట్లో యాల? కొత్త డాక్టరమ్మ ఉండాది గదా, ఆమె సూసుకుంటాది!"

"ఆమె సూసేదానికే అది కావాల! నాకు ముందు పోయినాయని ఆమెకు చెప్పేసినా!"

మా అత్త ముఖం పాలిపోయింది. "చెప్పేసినావా? మొదటిదని నేను చెప్పినాక..."

అప్పుడు బల్బు మిణుకుమంది. మా అత్త అలవాటు ప్రకారం టక్కున నోరు మూసింది. నేను మూయలేదు. నాలుగేళ్లుగా లోపల పెట్టుకున్నదంతా అప్పుడే గొంతులోకి వచ్చింది.

"మొదటిది కాదు అత్తా, నాలుగోది! నాకు మూడు కడుపులు పోయినాయి! ఇది కూడా పోతే నీ వల్లే పోతాది!"

మొదటి మాట మాత్రమే మగ్గాల్లో కలిసింది. మిగతాదంతా వీధి మీద పడింది. నగరి మొత్తం ఊపిరి బిగబట్టినట్టుంది. ఎదురింట్లో ఎవరి చేతిలోంచో గిన్నె జారింది. అది దొర్లి దొర్లి ఆగిపోవడం కూడా వినబడింది.

మామ మగ్గం కింది నుంచి తల బయటపెట్టి, "ఏం పోయింది?" అన్నాడు.

"కరెంటు" అంది మా అత్త నెమ్మదిగా. ఆమె నెమ్మదిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

నాకు సిగ్గేసింది. కోపం ఒక్క క్షణంలో దిగిపోయింది. అంత మాట అనకుండా ఉండాల్సింది అనుకున్నాను. ఇంతలో పక్కింటి చెంగమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. అరవై దాటిన మనిషి, చెయ్యి ఇంకా పిండితోనే ఉంది.

"నాకు రెండు పోయినాయి మే" అంది, ఉప్పు అడిగినంత మామూలుగా. "పెద్దోడికి ముందు ఒకటి, వాని ఎనక ఒకటి. యాడా చెప్పుకోలా. నీది ఇదని తెలిసుంటే ఆ జీలకర్ర నీళ్లు తాగమని చెప్పుందునా? నా నోట్లో మన్ను పడ."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియదు. మా అత్త మాత్రం ఇద్దరి వైపూ చూడకుండా చేతిలోని పోగు వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. నొచ్చుకుందనుకున్నాను. బీరువా తాళం తిరిగిన చప్పుడు వినబడింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో తన పెళ్లి చీర ఉంది. మామిడిపండు రంగు పట్టు. మా ఇళ్లలో మంచి చీర మడత చెదరకుండా నడుమ ఒక అట్ట పెడతారు. మా అత్త నేల మీద కూర్చుని మడత విప్పింది. లోపలినుంచి ఒక్కొక్కటే జారాయి: పుత్తూరు ఫైలు, చిత్తూరు ఫైలు, తిరుత్తణి ఫైలు.

"ఏట్లో కలిపేసినా అంటివే?" అన్నాను.

"ఏట్లో నీళ్లు యాడుండాయి మే?" అంది. తర్వాత, "అట్ట గట్టిగా ఉండాదని పెట్టుకున్నా" అంది. చెంగమ్మ కూడా నమ్మలేదు.

చీర అంచు నిమిరింది. వీధి వింటోందని ఆమెకు తెలుసు. అయినా చెప్పింది.

"మూడుతూర్లూ ఏటిగడ్డ దాకా పోయినా. లోపల ఆ నల్ల బొమ్మ ఉండాది గదా, మిషన్లో తీసింది. ఇసకలో పారేసేదానికి మనసు రాలా. నాకు పోయినప్పుడు బొమ్మా ల్యా, కాయితమూ ల్యా. మా అత్త తలకు నీళ్లు పోసి, మగ్గం కాడికి పో అనింది. రెండుతూర్లూ అంతే. నీకన్నా ఉండనీలే అని దాసినా. దాసినాక మళ్లా రెండోది పోయింది. మళ్లా మూడోది. పీడ కాయితం ఇంట్లో పెట్టినందుకే పోయినాయేమో, నేనే పోగొట్టినానేమో అని... ఇది ఎట్ల చెప్పేది నీకు?"

అప్పుడు నాకు తెలిసింది. నేను కొళాయి తిప్పిపెట్టి ఏడ్చిన ఇంట్లోనే ఇంకో మనిషి బీరువా తాళం వేసుకుని అదే ఏడుపు ఏడ్చింది. నాది బొప్పాయి, ఆమెది పట్టుచీర. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"కాయితం వల్ల పోవు అత్తా. డాక్టరమ్మ చెప్పింది. నా తప్పు కాదంట. నీది కూడా కాదు."

"మూడు" అన్నాడు మామ.

అందరం అటు తిరిగాం. ఆయన నూనె డబ్బా పట్టుకుని మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు.

"రెండు కాదు, మూడు. మురుగేష్ పుట్టినాక ఆడికృత్తిక పండగప్పుడు ఒకటి. దాన్ని యాల వదిలిపెడతావు?"

మా అత్త ఆయన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆమె బయటికి చెప్పని లెక్క ఆ చెవిటి మనిషి దగ్గర భద్రంగా ఉంది. "పిలిస్తే పలకడు, ఇది మాత్రం ఇనబడింది సూడు ఈయనకు" అంది ఏడుస్తూనే.

కరెంటు వచ్చింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి లేచాయి, మావి తప్ప. ఆ పూట మామ స్విచ్ వేయలేదు.

చిత్తూరు ఫైలులో నెత్తురు రిపోర్టు అడుగున, సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ గుణం కనబడింది, పన్నెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి అని. ఆ పన్నెండు వారాలయ్యేటప్పటికి మేము తిరుత్తణిలో ఇంకో డాక్టరుకు మొదటిదని చెబుతున్నాం. బీకాం చదివిన నేను, నా కాగితాన్ని నాలుగేళ్లలో ఒక్కసారైనా గట్టిగా అడగనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. కానీ ఆ రోజు కోపానికి తీరికలేదు. మధ్యాహ్నం బస్సుకే తిరుపతి బయల్దేరాం. మా అత్త మూడు ఫైళ్లనూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పుత్తూరు దగ్గర ఎవరో పక్కకు పెట్టమంటే వాళ్ల మీద కయ్యిమంది.

రేవతి మేడం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి అప్పటికప్పుడే మందు రాసింది. సూది ఇంట్లోనే వేసుకోవాలి. మొదటి రోజు మురుగేష్ వేస్తానన్నాడు. గోడౌన్‌లో నూరు మందిని అదిలించే మనిషి. సూది మూత తీసి, నా పొట్ట చూసి, మెల్లగా గోడకు జారగిలబడి అట్లాగే కింద కూర్చున్నాడు.

"లెయ్ రా" అంది మా అత్త. "ఎంటికంత పోగును యాభై ఏండ్లు మగ్గం కంట్లో దూర్చిన చేతులు ఇవి. ఈ సూది ఒక లెక్కా?"

నిజంగానే నొప్పి తెలియలేదు. తర్వాత ప్రతిరోజూ కాఫీ అయ్యాక ఆమే వేసింది. ఇక మూడో నెల నియమం ఎట్లాగూ వీధిపాలైంది కాబట్టి, పొద్దున్నే వాకిళ్లలోంచి ఒకటే కేకలు. "నందితా, సూది ఏసుకున్నావా?" అని ఈ చివర నుంచి. "ఏసుకునింది!" అని నా బదులు చెంగమ్మ. మా వీధిలో పేపరు వేసేవాడికి కూడా నాకు ఎన్నో వారమో తెలుసు.

భయం పోయిందని అబద్ధం చెప్పను. ఎనిమిదో వారం, తొమ్మిదో వారం నడిచినన్ని రోజులూ బాత్రూంకు పోవడానికి కూడా వెనకాడేదాన్ని. తలుపు వేసుకుంటే చాలు, బయటినుంచి మా అత్త అరిచేది.

"ఏం మే, బాగుండావా?"

"బాగుండా అత్తా!" అని నేనూ అరిచేదాన్ని. నేను ఊపిరి పీల్చుకునేలోపలే ఎవరో పక్కింట్లో "హమ్మయ్య" అనేవాళ్లు.

పదకొండో వారంలో స్కానింగ్‌కు పిలిచారు. ఈసారి మా అత్తను లోపలికి రానిచ్చారు. తెర మీద ఏదో కదిలింది. మేడం ఒక బటన్ నొక్కగానే గది నిండా చప్పుడు, ఆగకుండా, వేగంగా. మా అత్త తల పక్కకు వంచి, మగ్గం జోరు పరీక్షించే మనిషిలాగా కళ్లు మూసుకుని వింది.

"బాగా ఆడతా ఉండాది" అంది చివరికి. "యాడా తెగడంల్యా."

"ఇంకా చాలా దూరం ఉందమ్మా. సూదులు ఆపకూడదు, ప్రతి నెలా రావాలి" అంది మేడం. మాకూ తెలుసు. అయినా మెట్లు దిగేటప్పుడు మా అత్త నా చెయ్యి వదల్లేదు.

కింద కౌంటర్‌లో గర్భిణులకు కొత్త కార్డు రాస్తారు. హాలు నిండా జనం. కౌంటర్‌లోని అమ్మాయి తల ఎత్తకుండా, "ఎన్నో కాన్పు? ఫస్టా?" అంది.

నేను నోరు తెరిచాను. ఎప్పటిలాగే మా అత్త నాకంటే ముందే ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడే ట్యూబులైటు మిణుకుమంది. కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, టీవీ ఆగింది, జనరేటరు ఇంకా అందుకోలేదు. హాలంతా చడీచప్పుడు లేదు. మా అత్త నోరు మూస్తుందనుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు.

"నాలుగోది" అంది, మగ్గం గొంతుతో. సంచిలోంచి మూడు ఫైళ్లూ తీసి కౌంటర్ మీద పెట్టింది. "నాలుగు అని రాయి పాపా. ముందరి మూడూ ఈడనే ఉండాయి, సూసుకో."